చైనా యుద్ధప్రభువుల కాలం నాటి సైనిక ఛాయాచిత్రాలు: ఈ పటం ఏ ఏటిది?

పాతపటాలు (విజయవాడ)
శనివారం, రాత్రి 8:50

సింగపూర్‌లో ఉంటున్న మా బావగారు అక్కడి పాత వస్తువుల అంగడిలో కొని పంపిన ఫొటో ఇది. ముందువైపు, వెనుకవైపు రెండూ స్కాన్ చేసి పెట్టాను. మందపాటి అట్టకు అతికించిన స్టూడియో పటం. ముగ్గురు సైనికులు. ఒకరు కుర్చీలో కూర్చున్నారు, ఇద్దరు చెరో పక్కన తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. వెనుక తెర మీద ఎవరో దొరగారి మేడ, మెట్లు గీసి ఉన్నాయి. పక్కన చిన్న బల్ల, దాని మీద గడియారం, పూలకుండీ. నెత్తిన ముందు అంచు ఉన్న టోపీలు, వాటికి నక్షత్రం గుర్తు.

అట్ట వెనుక పెన్సిలుతో ఇంగ్లీషులో ‘బాక్సర్ సైనికులు, 1900’ అని ఉంది. అమ్మినాయన కూడా అదే చెప్పి ధర పెంచాడట. నాకు మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. అట్ట కుడి అంచున సిరాతో నిలువుగా చైనా అక్షరాలు ఉన్నాయి, చదవగలిగినవారు చెప్పాలి. ఎడమ పక్కన నిలబడ్డ కుర్రవాడికి పదహారేళ్లు కూడా ఉండవు. ఈ పిల్లవాడు ఏ సైన్యంలో, ఏ ఏడాది నిలబడ్డాడో తెలుసుకోవాలని ఉంది.

రామప్ప_చెరువు (వరంగల్)
శనివారం, రాత్రి 9:35

1900 ససేమిరా కాదు. బాక్సర్లు సైనికులే కారు. కరవుకు, విదేశీయుల పెత్తనానికి విసిగిపోయి 1900లో తిరగబడిన ఉత్తర చైనా పల్లెల యువకులు వారు. తలకు గుడ్డ, నడుముకు ఎర్ర పట్టీ, చేతిలో కత్తో బల్లెమో. కోటు, బొత్తాలు, అంచు టోపీ వారికి ఎక్కడివి?

టోపీ మీది నక్షత్రం చూడండి. 1911 అక్టోబరు 10న వుచాంగ్‌లో సైనికులు తిరగబడ్డారు. 1912 ఫిబ్రవరి 12న చింగ్ చక్రవర్తి గద్దె దిగాడు. కొత్త గణతంత్రం ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు అడ్డ చారలతో జెండా పెట్టుకుంది. హాన్, మంచు, మంగోల్, హుయి, టిబెటన్ ప్రజలకు ఒక్కో రంగు. ఆ ఐదు రంగులనే ఐదు కొనల నక్షత్రంలో పొదిగి సైనికుల టోపీలకు పెట్టారు. 1928లో జాతీయవాదులు (కువోమింటాంగ్ పార్టీ సైన్యం) బీజింగ్ చేరాక ఆ జెండా పోయింది, నక్షత్రమూ పోయింది, కిరణాల సూర్యుడి గుర్తు వచ్చింది. అంటే మీ పటం 1912కీ 1928కీ మధ్యది. చింగ్ పాలనలో మగవారంతా తప్పనిసరిగా పెంచుకున్న జడ కూడా ముగ్గురిలో ఎవరికీ కనిపించడం లేదు.

అమ్మేవారు ‘బాక్సర్’ అని ఎందుకు రాస్తారంటే, చైనా గురించి బయటి కొనుగోలుదారుకు తెలిసిన మాట అదొక్కటే. ఇలాంటి తప్పుడు రాతలు చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. ఒక మనిషి బతికిన కాలాన్నే అతని నుంచి లాగేసుకోవడం అది.

వేగుచుక్క
శనివారం, రాత్రి 10:02

జడ లేనంత మాత్రాన 1912 తరువాతిదని చెప్పవచ్చా? ఆ తరువాత కూడా జడలున్న సైనికుల ఫొటోలు చూశాను.

రామప్ప_చెరువు
శనివారం, రాత్రి 10:20

మీరు చూసినవి జాంగ్ షున్ అనే సేనాని దళాల పటాలు అయి ఉంటాయి. రాజవంశం మీది భక్తితో ఆయన తన జడ తీయలేదు, తన సైనికులనూ తీయనివ్వలేదు. 1917 జులై 1న బీజింగ్‌లో దిగి బాల చక్రవర్తి పుయిని మళ్లీ గద్దెనెక్కించాడు. ఆ ముచ్చట జులై 12తో ముగిసింది. ఆ పన్నెండు రోజుల్లో, అంతకు ముందూ తీసిన పటాల్లో గణతంత్ర కాలపు తుపాకులు, వీపు మీద జడలు ఒకేచోట కనిపిస్తాయి. అందుకే జడ ఒక్కదాన్ని పట్టుకుని కాలం తేల్చకూడదు. ఇక్కడ నక్షత్రం ఉంది కాబట్టి ధైర్యంగా చెప్పాను.

గాజుపలక (రాజమహేంద్రవరం)
ఆదివారం, ఉదయం 6:15

నమస్కారం. మా నాన్నగారు స్టూడియో నడిపేవారు, నేనూ అందులోనే పెరిగాను. నక్షత్రాన్ని పెద్దది చేసి చూశాను. ఐదు కొనల్లో రెండు పాలిపోయి ఉన్నాయి, మూడు ముదురుగా ఉన్నాయి. రామప్ప_చెరువు గారు చెప్పిన ఐదు రంగులకు ఇది అచ్చంగా సరిపోతుంది.

ఆ రోజుల్లో స్టూడియోల్లో వాడిన గాజు పలకల మీది మందు నీలం వెలుగును బాగా పట్టేది, ఎరుపును అసలు పట్టేది కాదు. చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకుని నిశ్చింతగా పని చేయగలిగింది అందుకే. ఎర్ర వెలుగు పలకకు కనిపించదు. కాబట్టి ఎర్రని వస్తువు పటంలో నల్లగా దిగుతుంది. నీలం దాదాపు తెల్లగా దిగుతుంది. సాధారణ పలక అయితే పసుపు కూడా ముదురుగానే వస్తుంది, ఆకుపచ్చ, పసుపులను కూడా కొంత పట్టే ఆర్థోక్రోమాటిక్ పలక అయితే కొంచెం తేరుకుంటుంది. అన్ని రంగులనూ పట్టే పాన్‌క్రోమాటిక్ పలకలు 1906 నుంచే అమ్మకానికి ఉన్నా, ఊళ్లలోని స్టూడియోలకు అవి చేరడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ కాలపు ఐదు చారల జెండా ఉన్న పటం ఏదైనా తీసి చూడండి. పైనున్న ఎర్ర చార నల్లగా, నడుమనున్న నీలం చార దాని కిందున్న తెలుపుతో కలిసిపోయి కనిపిస్తుంది. తెలియనివారు అది వేరే దేశపు జెండా అనుకుంటారు.

వేగుచుక్క
ఆదివారం, ఉదయం 9:40

ఇప్పుడు కంప్యూటర్లో ఒక్క నొక్కుతో రంగులు వేసే సౌకర్యం ఉంది కదా. వేసి పెట్టమంటారా? మెడ పట్టీల రంగు చూస్తే ఏ దళమో కూడా తేలిపోతుంది.

గాజుపలక
ఆదివారం, ఉదయం 10:05

దయచేసి వద్దండీ. అసలు చిక్కు అక్కడే ఉంది. అప్పటి నిబంధన ప్రకారం మెడ పట్టీ పదాతి దళానికి ఎరుపు, అశ్విక దళానికి పసుపు, ఫిరంగి దళానికి నీలం, ఇంజినీర్లకు తెలుపు, రవాణా దళానికి నలుపు. ఈ పటంలో మెడ పట్టీలు నల్లగా ఉన్నాయి. అది ఎరుపు కావచ్చు, నలుపు కావచ్చు. పలక ఆ రెంటికీ తేడా చూపదు. యంత్రం తనకు తోచిన రంగు పూస్తుంది, నలుగురూ దాన్ని నిజమని పంచుకుంటారు. పదేళ్లు తిరిగేసరికి అదే సాక్ష్యమై కూర్చుంటుంది. పలకలో లేని సమాచారాన్ని ఏ యంత్రమూ పుట్టించలేదు.

మాజీ_హవల్దార్
ఆదివారం, ఉదయం 11:30

తుపాకుల సంగతి నేను చెబుతాను. రెండూ ఒకటి కావు. ఎడమ పక్క కుర్రవాడి చేతిలోది హాన్యాంగ్ 88. జర్మనీ వారి 1888 తుపాకీకి నకలుగా హాన్యాంగ్ ఆయుధ కర్మాగారంలో 1895 నుంచి చేశారు. గుర్తు పట్టడం తేలిక: మీట కాపుకు ముందు తూటాల గూడు కిందికి పొడుచుకు వచ్చి ఉంటుంది. కుడి పక్క వ్యక్తి తుపాకీకి ఆ పొడుపు లేదు, కట్టె అడుగు నున్నగా సాగిపోయింది. అది జపాన్ అరిసాకా కావచ్చు, తరువాతి మౌజర్ రకమైనా కావచ్చు.

ఒకే దళంలో రెండు రకాల తుపాకులు ఉంటే తూటాలు కలవవు. యుద్ధంలో అది ప్రాణాంతకం. అయినా ఆ కాలపు సైన్యాలన్నిటిదీ ఇదే అవస్థ. పైగా 1919 మే నుంచి 1929 దాకా విదేశీ రాజ్యాలు చైనాకు ఆయుధాలు అమ్మకూడదని ఒప్పందం చేసుకున్నాయి. దొంగచాటు సరఫరా ఆగలేదు గానీ, ఎవరికి ఏది దొరికితే అదే చేతికొచ్చింది.

కూర్చున్న వ్యక్తి నడుముకు వేలాడుతున్న కర్రపెట్టె మౌజర్ పిస్తోలు ఒర. ఆ ఒరనే పిస్తోలు వెనుక తగిలిస్తే భుజానికి ఆనించి కాల్చవచ్చు. దాన్ని బట్టి అతను మిగతా ఇద్దరి కంటే పైవాడని నా అంచనా. కాళ్లు కూడా చూడండి. మోకాళ్ల దాకా పట్టీలు నీటుగా చుట్టారు, కానీ పాదాలకు బూట్లు లేవు, గుడ్డ చెప్పులు.

వుహాన్_వైద్యురాలు
ఆదివారం, మధ్యాహ్నం 3:10

నేను వుహాన్‌లో వైద్యం చదివాను. మనవాళ్లు చాలామంది అక్కడ చదివారు, వారిలో ఒకరిని. అంచున ఉన్న రాత చదివి చెబుతాను.

పై వరుసలో ‘చైనా గణతంత్రం తొమ్మిదో సంవత్సరం, మూడో నెల’ అని ఉంది. వారి లెక్కలో 1912 మొదటి ఏడు. కాబట్టి ఆ అంకెకు 1911 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఇది 1920. కింది వరుసలో ‘అన్నగారు ఉంచుకోవలసినది’ అనే అర్థంలో మర్యాద మాట, దాని కింద తమ్ముళ్లుగా సంతకాలు. రెండు పేర్లలో అక్షరాలు చెరిగిపోయాయి. సొంత అన్నదమ్ములు కానక్కరలేదు. సైన్యంలో ప్రమాణం చేసి అన్నదమ్ములయ్యేవారు, విడిపోయే ముందు ఇలా కలిసి ఫొటో దిగి ఒకరికొకరు ఇచ్చుకునేవారు. అట్ట కింది మూలలో ఉబ్బెత్తు ముద్ర ఉంది. స్టూడియో పేరు సగమే పడింది గానీ ఊరు స్పష్టం: హాన్‌కౌ. యాంగ్‌జీ నదికి ఆవలి ఒడ్డున వుచాంగ్, ఈవల హాన్‌కౌ, హాన్యాంగ్. ఆ మూడూ కలిసిందే నేటి వుహాన్. హవల్దార్ గారు చెప్పిన తుపాకీ తయారైంది ఆ పక్కనే.

మూడో నెల దగ్గర ఒక జాగ్రత్త. ప్రభుత్వం 1912లోనే ఇంగ్లీషు క్యాలెండరుకు మారింది, జనం మాత్రం చాంద్రమానమే పాటించారు. 1920లో వారి సంవత్సరాది ఫిబ్రవరి 20న వచ్చింది. రాసిన వ్యక్తి చాంద్రమానంలో లెక్కించి ఉంటే ఈ మూడో నెల ఏప్రిల్ మూడో వారం నుంచి మే నడిమి దాకా.

పాతపటాలు (విజయవాడ)
ఆదివారం, మధ్యాహ్నం 3:45

డాక్టరు గారూ, ఎంత మేలు చేశారండీ. ఒక్క వరుస చదివి ఇరవై ఏళ్లు ముందుకు జరిపారు. 1920 వసంతంలో హాన్‌కౌలో ఏ సైన్యం ఉండేది? దాని గురించి రామప్ప_చెరువు గారు కొంచెం వివరంగా చెప్పాలి.

రామప్ప_చెరువు
ఆదివారం, సాయంత్రం 6:50

1916 జూన్ 6న గణతంత్ర అధ్యక్షుడు యువాన్ షికాయ్ చనిపోయాక ఆయన పెంచిన బెయ్‌యాంగ్ సైన్యం ముక్కలైంది. ఒక్కో సేనాని తన సైన్యంతో ఒక్కో ప్రాంతాన్ని ఏలాడు, యుద్ధప్రభువులంటే వీరే. దువాన్ చిరుయ్ అన్‌హుయ్ వర్గం, త్సావో కున్, వు పెయ్‌ఫుల జిలి వర్గం, ఈశాన్యంలో జాంగ్ జువోలిన్ ఫెంగ్‌తియన్ వర్గం. 1920లో హుబెయ్ రాష్ట్రం వాంగ్ జాన్‌యువాన్ అనే సేనాని గుప్పిట్లో ఉంది. వుచాంగ్, హాన్‌కౌలలో కాపలా ఆయన దళాలది. దక్షిణాన హునాన్‌లో వు పెయ్‌ఫు మూడో డివిజన్ ఉండేది. అది 1920 మే చివర్లో హెంగ్‌యాంగ్ వదిలి హాన్‌కౌ మీదుగా రైళ్లలో ఉత్తరానికి కదిలింది. జులై నడుమ బీజింగ్ చుట్టుపక్కల కొద్ది రోజుల యుద్ధంలోనే అన్‌హుయ్ వర్గం కూలిపోయింది.

పటం తేదీ ఆ కదలికకు కొంచెం ముందుది. కాబట్టి వీరు వాంగ్ కాపలా దళాల వారు అయ్యే అవకాశమే ఎక్కువ. అంతకు మించి ఈ పటం చెప్పదు.

ఆ దళాలకు ఏమైందో చెప్పాలి. వాంగ్ నెలల తరబడి జీతాలు ఎగ్గొట్టాడు. 1921 జూన్‌లో వుచాంగ్‌లో ఆయన సైనికులే తిరగబడి ఊరిని దోచి తగలబెట్టారు. ఆగస్టుకల్లా ఆయన పదవి ఊడింది. జీతం రాని సైన్యం ఊరి మీద పడటం అప్పటికి కొత్త కాదు. 1912 ఫిబ్రవరి 29న బీజింగ్‌లోనూ అదే జరిగింది. అప్పుడు అక్కడ స్టూడియో నడుపుతున్న జంబ్రన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ పటాలు నేటికీ మిగిలాయి.

1916లో చైనాలో సుమారు ఐదు లక్షల మంది సైనికులు ఉండేవారు. 1928 నాటికి ఇరవై లక్షల దాకా పెరిగారు. ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు? 1920, 21లలో ఉత్తర చైనా ఐదు రాష్ట్రాల్లో ఘోరమైన కరవు. చేలో గింజ లేదు, సైన్యంలో చేరితే రెండు పూటలా తిండి దొరుకుతుందని ఆశ. ఎడమ పక్క పిల్లవాడిని చూస్తే నాకు గుర్తుకొచ్చేది ఏ సేనాని పేరూ కాదు, ఆ ఆకలే.

నాణేలసంచి (నెల్లూరు)
ఆదివారం, రాత్రి 8:30

నా దగ్గరా ఒకటి ఉంది, చూడండి. పోస్టుకార్డు సైజు. నెత్తిన ఈకల కుచ్చుతో ఎత్తైన టోపీ, భుజాల మీద బంగారు జలతారు, రొమ్ము నిండా పతకాలు. ‘జాంగ్ జువోలిన్’ అని చెప్పి అమ్మారు. పతకాల్లో వరి వెన్నులాంటి గుర్తు ఉంది, అది 1912లో పెట్టిన ‘బంగారు ధాన్యం’ పతకమే అని నా నమ్మకం. అయితే కత్తి కుడి పక్కన వేలాడుతోంది. సేనాని ఎడమచేతి వాటం వాడా?

గాజుపలక
ఆదివారం, రాత్రి 9:00

కత్తి కుడి వైపు, పతకాలు కుడి రొమ్ము మీద, కోటు బొత్తాల మడత కూడా ఎదురు. మూడూ తిరగబడ్డాయి. గాజు పలకను వెనక్కి తిప్పి అచ్చు వేశారు. అద్దంలో చూసినట్టు మార్చి చూడండి, అన్నీ చక్కబడతాయి. పటంలో అక్షరాలు ఉంటే ఈ పొరపాటు చప్పున దొరుకుతుంది. ఉత్త మనిషి ఉన్నప్పుడే ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు.

రామప్ప_చెరువు
ఆదివారం, రాత్రి 9:25

జాంగ్ జువోలిన్ పొట్టిగా, సన్నగా, పల్చటి మీసంతో ఉండేవాడు. మీ పటంలోని మనిషి కుర్చీ నిండా ఉన్నాడు. ఈకల టోపీ ఆ కాలపు సేనానులందరి లాంఛన దుస్తుల్లోనూ ఉండేది, కాబట్టి టోపీ చూసి పేరు పెట్టకూడదు. ఫెంగ్ యుషియాంగ్ అనే సేనాని మటుకు తన సైనికులు తొడిగే ముతక నూలు బట్టలతోనే ఫొటోలు దిగేవాడు. ఆయన సైనికుల చేతి పట్టీల మీద ప్రజలను వేధించబోమని రాసి ఉండేది. వు పెయ్‌ఫు 1924 సెప్టెంబరు 8న టైమ్ పత్రిక అట్ట మీదికి ఎక్కాడు. ఆ గౌరవం దక్కిన తొలి చైనీయుడు ఆయనే. ఏడు వారాలు తిరక్కుండానే ఫెంగ్ ఎదురు తిరిగి బీజింగ్‌ను పట్టుకోవడంతో వు పతనం మొదలైంది.

రైలుకట్ట (కాజీపేట)
ఆదివారం, రాత్రి 10:10

రైళ్ల ఫొటోలు వదిలేస్తే ఎలా? ఈ యుద్ధాలన్నీ పట్టాల వెంబడే నడిచాయి. షాన్‌డోంగ్ సేనాని జాంగ్ జోంగ్‌చాంగ్ ఉక్కు రేకుల కవచం తొడిగిన రైళ్లను నడిపించాడు. వాటి మీద పనిచేసింది బోల్షెవిక్ విప్లవం తరువాత పారిపోయి వచ్చిన రష్యన్లు. పెట్టెల తలుపుల దగ్గర ఆ రష్యన్లు, చైనా సైనికులు కలిసి నిలబడ్డ పటాలు ఉన్నాయి. జాంగ్ జువోలిన్ ప్రాణం తీసిన గాయాలు తగిలిందీ రైల్లోనే. 1928 జూన్ 4న హువాంగ్‌గుటున్ దగ్గర పై వంతెనకు జపాన్ సైన్యాధికారులు బాంబు పెట్టి పేల్చారు. నుజ్జయిన పెట్టెల పటాలు చూస్తే రైల్వేలో పనిచేసినవాడిగా ఒళ్లు జలదరిస్తుంది.

వేగుచుక్క
సోమవారం, ఉదయం 7:20

నా దగ్గర 1920ల నాటి బహిరంగ శిరచ్ఛేదాల పటాలు కొన్ని సేకరణలో ఉన్నాయి. యుద్ధప్రభువుల అసలు రూపం తెలియాలంటే అవే చూడాలి. ఇక్కడ పెట్టవచ్చా?

వుహాన్_వైద్యురాలు
సోమవారం, ఉదయం 8:05

పెట్టవద్దని నా మనవి. ఆ కార్డులు ఎవరి కోసం అచ్చయ్యాయో ఆలోచించండి. రేవు పట్నాల్లో విదేశీ నావికులకు, యాత్రికులకు వింత వస్తువులుగా అమ్మారు. ‘చైనా క్రూరత్వం’ అని రాసి ఇంటికి పంపుకోవడానికి కొన్నారు. చనిపోతున్న మనిషిని ఎవరూ అడగలేదు. 1905లోనే రద్దయిన ముక్కలుగా కోసే శిక్ష పటాలను ఆ తరువాత ఎన్నో ఏళ్లు ‘బాక్సర్లకు శిక్ష’ అని అమ్ముతూనే ఉన్నారు.

వేగుచుక్క
సోమవారం, ఉదయం 8:40

మీ బాధ అర్థమైంది. కానీ దాచేస్తే లాభపడేది చంపినవారే కదా? ఈకల టోపీల పటాలు మాత్రం మిగిలి, వారు వీధుల్లో చేసినది కనిపించకుండా పోతే అదీ అన్యాయమే. 1927 ఏప్రిల్ 12 తరువాత షాంఘైలో జాతీయవాదులు కార్మికులను, కమ్యూనిస్టులను ఎలా వేటాడారో పటాలే లేకపోతే కాదని బుకాయించేవారు ఇవాళ కూడా ఉండేవారు.

గాజుపలక
సోమవారం, ఉదయం 9:15

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. నేను చూసేది ఒకటి. కెమెరా ఎక్కడ ఉంది? జనం వెనుక నుంచి ఎవరో భయపడుతూ తీసిన పటం వేరు. కత్తి ఎత్తినవాడు కెమెరా వైపు తిరిగి, ఫొటోగ్రాఫర్ సిద్ధమయ్యే దాకా ఆగిన పటం వేరు. రెండోదాంట్లో ఫొటో కూడా శిక్షలో భాగమే. అందులో మనం చూడవలసింది చచ్చిపోయే మనిషిని కాదు, గుమిగూడిన జనాన్ని, అధికారిని, తుపాకుల వరుసను. ఆ భాగం కత్తిరించి పెడితే చరిత్ర తెలుస్తుంది, మనిషి మర్యాదా మిగులుతుంది.

నిర్వాహకులు
సోమవారం, ఉదయం 10:00

అందరికీ వందనాలు. గాజుపలక గారి మాటను ఈ చర్చకు నియమంగా తీసుకుంటున్నాం. మృతదేహాలు, మరణశిక్షలు నేరుగా కనిపించే పటాలు పెట్టవద్దు. తేదీ, చోటు, తీసిన వ్యక్తి, నేపథ్యం తెలిస్తే మాటల్లో రాయండి.

చరిత్ర_విద్యార్థిని (హైదరాబాద్)
సోమవారం, మధ్యాహ్నం 1:30

ఇలాంటి పటాలు సరైన వివరాలతో ఎక్కడ చూడవచ్చు? అంతర్జాలంలో వెతికితే ఒకే పటానికి నాలుగు రకాల పేర్లు వస్తున్నాయి.

రామప్ప_చెరువు
సోమవారం, మధ్యాహ్నం 2:10

బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు చైనా పాత ఛాయాచిత్రాలను కుటుంబాల దగ్గర నుంచి సేకరించి అందరికీ అందుబాటులో పెట్టారు. అందులో ఫు బింగ్‌చాంగ్ అనే చైనా దౌత్యవేత్త స్వయంగా తీసినవి తప్పక చూడమ్మా. విదేశీయుడి కంటికీ, ఇంటి మనిషి కంటికీ తేడా తెలుస్తుంది. సిడ్నీ గాంబుల్ 1917 నుంచి 1932 మధ్య పలుసార్లు చైనాకు వెళ్లి తీసిన వేల పటాలు డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 1919 నాటి బీజింగ్ విద్యార్థుల ప్రదర్శనలు అందులోవే. షాంఘైలో ముద్రణాలయంలో పనిచేస్తూ 1911 విప్లవాన్ని తీసిన ఫ్రాన్సిస్ స్టాఫర్డ్ పటాలు స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ సంస్థలో ఉన్నాయి. బెయిన్ వార్తా సంస్థ గాజు పలకలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటి మీద పేర్లు పలక మీదే చేత్తో రాశారు, కాబట్టి అక్కడ పేర్లలో తప్పులు ఉన్నా అవి ఆ నాటి తప్పులే.

మాజీ_హవల్దార్
సోమవారం, మధ్యాహ్నం 3:00

అమ్మా, గాంబుల్ పటాలు చూసేటప్పుడు సైనికుల వీపులు కూడా చూడు. చాలామంది వీపున నూనె కాగితం గొడుగు కనిపిస్తుంది. గొడుగుతో యుద్ధానికి వెళ్లారని అప్పటి విదేశీ పత్రికలు ఎగతాళి చేశాయి. వానకోటు ఇవ్వని సైన్యంలో, దూది కుట్టిన కోటు తడిస్తే రాత్రి చలికి ప్రాణం పోతుంది. తన డబ్బుతో గొడుగు కొనుక్కున్న సిపాయిని నేనైతే తెలివైనవాడనే అంటాను.

చరిత్ర_విద్యార్థిని (హైదరాబాద్)
సోమవారం, సాయంత్రం 5:20

చాలా సంతోషం సర్, హవల్దార్ గారికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. మా తాతయ్య ఆల్బమ్‌లోని పాత పటాలకు బూజు పడుతోంది, కొన్నిటికి వెనుక జిగురు టేపు అంటించి ఉంది. పీకేయాలా?

గాజుపలక
సోమవారం, సాయంత్రం 6:05

వద్దమ్మా. టేపు పీకితే కాగితం పొర కూడా లేచి వస్తుంది. ముందు ఆల్బమ్‌ను ఉన్నదున్నట్టుగా పేజీ పేజీ ఫొటో తీసి ఉంచు, ఏ పటం దేని పక్కన ఉందో కూడా సమాచారమే. తరువాత ఒక్కో పటాన్ని రెండు వైపులా 600 డీపీఐ తగ్గకుండా స్కాన్ చేయి. పొడి గదిలో మెత్తని కుంచెతో బూజును మెల్లగా బయటికి తుడువు, ముక్కుకు గుడ్డ కట్టుకో. నీళ్లు, స్పిరిట్ తాకించవద్దు. లామినేషన్ మాట ఎత్తవద్దు. ఆమ్లం లేని కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టి, గోడ బీరువాలో కాకుండా గాలి ఆడే చోట ఉంచు. వెనుక ఏమైనా రాయాలంటే మెత్తని పెన్సిలుతో, అంచున, నీకు కచ్చితంగా తెలిసినదే రాయి. రాసిన తేదీ కూడా పక్కనే వెయ్యి.